సరస్వతమ్మ పంపని గులాబీ

సరస్వతమ్మ గుడ్ మార్నింగ్ వచ్చింది. సరస్వతమ్మ మాత్రం రాలేదు.

తొమ్మిదిన్నర ఉర్దూ క్లాసుకు తొమ్మిదికే వచ్చి, కిటికీ పక్క కుర్చీలో సంచీ పెట్టి చోటు పట్టుకునే మనిషి ఆవిడ. పది దాటినా సంచీ లేదు, మనిషీ లేదు. పైగా ఆ క్లాసు జరిగేది ఆవిడ సొంత మేడ మీదే. మెట్లు దిగితే ఆవిడ పుట్టింటివారి బట్టల దుకాణం, దుకాణం వెనక ఆవిడ గది. ఆ కాస్త దూరంలో డెబ్బై ఒక్కేళ్ల మనిషి తప్పిపోయిందంటే ముప్పై ఎనిమిదేళ్లు పోలీసు ఉద్యోగం చేసిన వరలక్ష్మికి నవ్వు రావాలి. రాలేదు.

హనుమకొండ చౌరస్తాకు కూతవేటు దూరంలో, ఆ మేడ మీద నడిచే సంఘం పేరు ‘రెండో గంట’. మొదటి గంట ఉద్యోగానికీ పిల్లలకూ గిరాకీకీ పోయింది, ఈ రెండో గంట మనదే అని ఆ పేరు పెట్టుకున్నారు. అరవై దాటినవాళ్లకే ప్రవేశం. చేరేముందు రెండు ప్రశ్నలు అడుగుతారు: ఏం నేర్పుతారు, ఏం నేర్చుకుంటారు? ఏఎస్సైగా రిటైరైన వరలక్ష్మి ఆడవాళ్లకు సైకిల్ నేర్పుతుంది, ఉర్దూ నేర్చుకుంటుంది. ఉర్దూ మీడియం బడికి హెడ్మాస్టరుగా చేసిన ఆజం ఉర్దూ నేర్పుతాడు. సరస్వతమ్మ కుట్టుపని నేర్పుతుంది. నేర్చుకోవడం అంటారా, ఆవిడ పట్టనిది లేదు. ఉర్దూ, ఫోటోలు, సైకిలు, చదరంగం, ఏది కనబడితే అది. యాభై ఏళ్లు రవిక గుడ్డలు కొలిచిన చేతులు ఇప్పుడు ఖాళీగా ఉండనంటున్నాయని ఆవిడే చెప్పుకునేది.

ఆ సంఘానికో ఆచారం ఉంది. అధ్యక్షుడు రాజేశ్వర్ రావు ఒకనాడు బాత్రూంలో జారిపడి మధ్యాహ్నందాకా లేవలేక, పిలిచినా పలికే దిక్కులేక పడి ఉన్నాడు. ఆ తర్వాత నుంచి రోజూ పొద్దున ఆరున్నరలోగా ప్రతి ఒక్కరూ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాలి. ఫోటో రాకపోతే దగ్గరున్నవాళ్లు వెళ్లి తలుపు బాదాలి. ఆ ఫోటో కూడా ఆ పూట స్వయంగా తీసిందై ఉండాలి. పాలగిన్నె తీస్తారో, ప్రహరీ మీద పిల్లిని తీస్తారో, సొంత బొటనవేలే తీసుకుంటారో మీ ఇష్టం. అలా కాక ఎవరో పంపిన పూలనూ దేవుళ్లనూ సూక్తులనూ ఇటు తోసేస్తే మర్నాడు అందరికీ మిర్చీ బజ్జీలు తినిపించాలి.

ఈ పొద్దున ఆరు దాటగానే సరస్వతమ్మ నంబరు నుంచి వచ్చింది గులాబీ పువ్వు. మీద మంచుబొట్లు, కింద బంగారు రంగు అక్షరాలు. రెండేళ్లలో ఒక్కసారి కూడా దొరకని సరస్వతమ్మ ఇన్నాళ్లకు దొరికిందని గ్రూపంతా పండగ చేసుకుంది. రాజేశ్వర్ రావు ఉల్లిగడ్డ, నిమ్మకాయ కూడా కావాలన్నాడు. వరలక్ష్మి తన వంతుగా మూడు మిరపకాయ బొమ్మలు పెట్టింది.

తొమ్మిదిన్నరకు మనిషి రాకపోయేసరికి కిందికి వెళ్లి అడిగారు. సరస్వతమ్మ మేనల్లుడు వినయ్ దుకాణం నడుపుతాడు. తెల్లవారుజామున ఫోన్ పట్టుకుని వెనక సందులోంచి వెళ్లిందని, ఇంకా రాలేదని అతను చెప్పాడు. రాజేశ్వర్ రావు పోలీసులకు ఫోన్ కొట్టాడు.

సీఐ శ్రీకాంత్ ఇద్దరు కానిస్టేబుళ్లతో మెట్లెక్కి వచ్చాడు. ట్రైనింగు నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో అతనికి పంచనామా రాయడం నేర్పింది వరలక్ష్మే. అది అతను మర్చిపోలేదు. మర్చిపోయినట్టు కనబడాలని మాత్రం గట్టిగా ప్రయత్నిస్తున్నాడు.

“నమస్తే అక్కా. మీరు జర పక్కకు కూసోండ్రి. ఆజం సాబ్ ఎవరు?”

ఆజం లేచి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో సుద్దముక్క.

“ఎదురుంగ మెడికల్ షాపు కెమెరా సూసిన,” అన్నాడు శ్రీకాంత్. “పొద్దుగాల ఐదున్నరకు మీ స్కూటర్ ఈ దుకాణం ముందుకొచ్చింది. అరగంట మెట్ల మీద కూసున్నరు. ఆరుకు లేచి సందు దిక్కు పోయిన్రు. ఎందుకొచ్చిన్రు?”

ఆజం తల దించుకున్నాడు. “ఊరికే.”

“చీకట్ల ఊరికే వస్తరా? వినయ్ చెప్తాండు, వాళ్ల అత్తమ్మ మీరెట్ల చెప్తే అట్ల ఇంటదంట. ఆమె వెనుక సందు నుంచి పోయింది, మీరూ అటే పోయిన్రు. ఏడికి తీస్కపోయిన్రు సాబ్ ఆమెను?”

“నేను తీస్కపోలే. ఇంకేం చెప్పలేను.”

“స్టేషన్ల చెప్తరు. పాండ్రి.”

వరలక్ష్మి కుర్చీలోంచి లేచింది. పక్కకు కూర్చోమంటే కూర్చునే రకమైతే ఏఎస్సైగానే ఎందుకు రిటైరవుతుంది?

“సీఐ సార్, ఒక్క పావుగంట ఇయ్యుండ్రి.”

“అక్కా, మీరు రిటైరైన్రు.”

“ఔ. నేను రిటైరైన, నా చెవులు కాలే. ఆ పెద్దమనిషిని నలుగుట్ల నిలబెట్టి అడిగితే చెప్పడు. నేను అడుగుత. చెప్పకపోతే నేనే తోల్కొచ్చి నీ జీపుల కూసోబెడ్త.”

శ్రీకాంత్ గడియారం చూసుకున్నాడు. “పావుగంటే.”

హాలు చివర చదరంగం బల్ల దగ్గర ఆజంను కూర్చోబెట్టి ఆమె ఎదురుగా కూర్చుంది. పోలీసు కూర్చున్నట్టు కూర్చోలేదు. రోజూ తన వంకర టింకర ‘జీమ్’ అక్షరాన్ని ఓపికగా దిద్దే గురువు ముందు ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుంది.

“ఆజం భాయ్, మీరేం దాస్తాన్రో గది నాకక్కర్లేదు. సరస్వతక్క బతికుండాలె, అంతే నాకు గావాల్సింది. చెప్పుండ్రి.”

ఆయన సుద్దముక్కను బల్ల మీద పెట్టాడు. “బహెన్, నాకు తెలుగు సదువ రాదు.”

ఆమెకు అర్థం కాలేదు.

“మాట్లాడుత. పుట్టి పెరిగింది ఈడనే గద. సదువు మొత్తం ఉర్దూల అయింది. బస్సు మీద బోర్డు గూడ వేరేటోళ్లను అడుగుత. హెడ్మాస్టర్ను, ఎవరికని చెప్పాలె? మా ఇంటామె ఖతీజాబీకి తప్ప ఎవ్వరికి తెల్వది. సరస్వతమ్మ కనిపెట్టింది. ఒకనాడు గోడకు నోటీసు పెడితే నేను అద్దాలు మర్చిపోయిన అన్న. నా అద్దాలు నా జేబుల ఉన్నై. ఆమె సూసింది. అందరి ముంగట ఏమనలే. పోయేటప్పుడు మెల్లగ అన్నది, ‘పొద్దుగాల దుకాణం మెట్ల మీదికి రాండ్రి సాబ్, ఎవ్వరు లేవకముందే నేర్చుకుందాం’ అని. ఆర్నెల్లాయె. ఒత్తుల కాడికొచ్చినం.”

సరస్వతమ్మ వరలక్ష్మితో రోజూ అన్నీ చెప్పుకునేది. ఈ ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు, మరొకరి మర్యాద కాబట్టి.

“ఇయ్యాల?”

“రోజు రెండు గ్లాసులల్ల చాయ్ పట్టుకొని తలుపు తీస్తది. ఇయ్యాల తియ్యలే. కొడితే ఇంట్లోళ్లు లేస్తరని కొట్టలే. ఆరు దాకా సూసి సందులకెళ్లి ఇంటికి పోయిన. తరువాత రోజా పువ్వు వచ్చింది. నేను గూడ నవ్విన బహెన్, మిర్చీలు తినాలనుకున్న.” ఆయన కళ్లు తుడుచుకున్నాడు. “తలుపు కొట్టుంటే అయిపోవు.”

“ఫికర్ జెయ్యకుండ్రి. మీ ముచ్చట నా నోట్లకెళ్లి రాదు,” అంది వరలక్ష్మి. ఆ మాటతో తన చేతులు తనే కట్టేసుకుంది. ఆజంను విడిపించే సాక్ష్యం ఆమె దగ్గర ఉంది, కానీ వాడకూడదు. వేరేది వెతకాలి.

శ్రీకాంత్ దగ్గరికి వెళ్లి, “ఆమె గది సూద్దాం పా,” అంది.

“సూసిన నేను. తాళాలు పగలలే, పెనుగులాడినట్టు లేదు.”

“నువ్వు గది సూసినవు. మనిషిని ఎరిగి సూడలే.”

సరస్వతమ్మ గదికి వినయ్ భార్య శ్రీలత తీసుకువెళ్లింది. ముప్పై ఐదేళ్లుంటాయి. తలుపు తీసి, తాను లోపలికి రాకుండా గడపలోనే నిలబడిపోయింది. చీరకొంగు కొస వేలికి చుట్టి విప్పుతోంది.

చిన్న గది. మంచం, కుట్టుమిషను, గోడకు ఆవిడ తీసిన ఫోటోలు. గోడ దూకబోతున్న మేకపిల్ల, మోరీ నీళ్లలో కరెంటు తీగల నీడ, చెప్పులు కుట్టే మనిషి నవ్వు. వరలక్ష్మి ఏదీ ముట్టుకోకుండా చుట్టూ చూసింది. స్టవ్ పక్కన పళ్లెంలో రెండు గాజు గ్లాసులు బోర్లించి ఉన్నాయి, పొద్దుటికి సిద్ధంగా. అవి చూసి ఆమె నోరు మెదపలేదు. మంచం మీద దుప్పటి సగం నేల మీదికి జారి ఉంది.

“గా దుప్పటి సూడు,” అంది.

“సూసిన. పండుకొని లేచింది.”

“యాభై ఏండ్లు బట్టలు మడిచిన చెయ్యి అది. మా ఇంటికొస్తే మా తువ్వాలలు గూడ మడిచి పోతది. నిద్ర లేచి దుప్పటి మడవకుండ సరస్వతక్క చాయ్ గూడ తాగదు. ఆమెను ఎవరో లేపిన్రు, మడిచే టైం ఇయ్యలే.”

“తొందర పనుండొచ్చు అక్కా.”

వరలక్ష్మి కిటికీ గట్టు మీది చిన్న డబ్బా మూత తెరిచింది. అందులో చెవి మిషన్. “తొందరుంటే మనిషి చెవులు ఇంట్ల మర్చిపోతదా? ఇది లేకపోతే పక్కన పటాకి పేలినా ఇనరాదు ఆమెకు. ఆజం సాబ్ మాట్లాడేది ఎంత మెల్లగనో నువ్వే ఇన్నవు. ఆయనతోని పోయే మనిషి ఇది పెట్టుకోకుండ పోదు. మంచం కింద సూడు, నడిచే బూట్లు ఈడనే ఉన్నై. ఇంట్ల తిరిగే రబ్బరు చెప్పులు లేవు. ఫోటోలు తియ్య పోయేటామె బూట్లు లేకుండ గడప దాటది.”

శ్రీకాంత్ మెడ వెనక రుద్దుకున్నాడు. ఒప్పుకోవడానికి ముందు అతను ఎప్పుడూ అలాగే చేస్తాడు. అయినా ఒక్క మాట పట్టుకునే ఉన్నాడు.

“సరే. మరి ఆరు దాటినంక ఫోన్ల మెసేజ్ పెట్టింది గద? మెసేజ్ పెట్టిందంటే బాగున్నట్టే.”

వరలక్ష్మి ఫోన్ తీసి గులాబీని మళ్లీ చూసింది. మంచుబొట్లు, బంగారు అక్షరాలు. గోడ మీది మేకపిల్లను చూసి, మళ్లీ గులాబీని చూసి, నెత్తి కొట్టుకుంది. తెలివితక్కువతనమంటే తనదే. పొద్దున లేచి ఇది చూసి పరుగెత్తుకు రావలసింది పోయి, మిర్చీల కోసం నోరూరించుకుంది. దొంగల గుట్టు కనిపెట్టే బుర్ర అని ఒకప్పుడు ఎస్పీ మెచ్చుకున్న బుర్ర అది. పాతికమంది పెద్దవాళ్లు, అందరూ చదువుకున్నవాళ్లే, ఒక్కరికీ తోచలేదు. ఆచారం తప్పినందుకు నవ్వుకున్నారు తప్ప, ఆ మనిషి ఆచారం తప్పదు కదా అని ఎవరూ అనుకోలేదు.

“శ్రీకాంత్, మా గ్రూపుల ఎవ్వరం గిసొంటివి పంపం. మా ఫోటో మేమే తియ్యాలె. పంపితే జుర్మానా. ఆజం సాబ్‌కు తెలుసు, నాకు తెలుసు, అందరికి తెలుసు. ఇది పంపినోనికి తెల్వది.”

“అంటే?”

“ముసలోళ్లంటే పొద్దుగాల లేచి రోజా పువ్వులు పంపుతరు అనుకునేటోడు పంపిండు.”

శ్రీకాంత్ కొంచెం ఇబ్బందిగా కదిలాడు. “మా నాయిన గూడ గవే పంపుతడు.”

“మీ నాయినను మా దాంట్ల చేర్పియ్యి, మాన్పిస్తం. ఈ ఫోటో వినయ్‌కు సూపెట్టినవా?”

“లేదు. మెసేజ్ వచ్చిందని చెప్పిన, అంతే.”

“మంచిగ చేసినవు. ఇగ నువ్వు నోరు తెరువకు. పక్కన నిలబడు.”

ఒకప్పుడు ప్రొబేషనర్‌కు చెప్పినట్టే చెప్పింది. అతను కూడా ఒకప్పటిలాగే సరేనన్నాడు. చెప్పాక ఇద్దరికీ సిగ్గేసింది.

వినయ్ దుకాణంలో తెల్లటి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూడగానే కూల్ డ్రింకులు తెప్పించాడు. నలభై దగ్గరి మనిషి, మాట మెత్తన. అత్తమ్మ గురించి అడగ్గానే కళ్లు తుడుచుకున్నాడు, తడి లేకపోయినా.

వరలక్ష్మి పరుపు అంచున కూర్చుని పక్కనున్న చీరను ఒళ్లోకి లాక్కుంది. “ఈ నారాయణపేట చీర మంచిగున్నది.”

“గద్వాల మేడమ్ అది. అంచు సూడుండ్రి, పట్టు అంచు.”

“నాకేం తెలుస్తది నాయనా, ఖాకీ కట్టినదాన్ని. మీ అత్తమ్మ ముచ్చట చెప్పు. మతి గిన జర అటిటు అయిందా?”

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు వినయ్ ముందుకు వంగాడు. “ఎవరికని చెప్పుకోవాలె మేడమ్? తెల్లారకముందు లేస్తది. మోరీలు, మేకలు, అన్నిటికి ఫోటోలు తీస్తది. డెబ్బై ఏండ్లకు కుడి నుంచి ఎడమకు రాస్తాంది. మొన్న సైకిలెక్కుత అన్నది. మంచిగున్న మనిషి చేసే పనులేనా ఇవి? మీరే చెప్పుండ్రి.”

ఆ సైకిలెక్కించేది తనేనని వరలక్ష్మి చెప్పలేదు. ఆ లెక్కన మేడ మీదున్న పాతికమందినీ గొలుసులతో కట్టేయాలి. కోపం నెత్తికెక్కుతుంటే చీర అంచు నిమురుతూ దిగమింగింది.

“నిజమే బిడ్డా. మతి తప్పినట్టే ఉన్నది. పొద్దుగాల గూడ అదేం పనో, మేకపిల్ల ఫోటో పెట్టింది.”

“మేక కాదు మేడమ్, రోజా పువ్వు…”

అప్పటికే చెప్పేశాడు. గద్వాలను నారాయణపేట అంటే ఊరుకోలేని నోరు, గులాబీని మేక అంటే మాత్రం ఊరుకుంటుందా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గిరాకీ తప్పు చెబితే దిద్దడమే పనైన కుటుంబం. వినయ్ నోరు మూసుకునేసరికి శ్రీకాంత్ కూల్ డ్రింకు సీసా కింద పెట్టేశాడు.

“నువ్వు వాళ్ల గ్రూపుల లేవు గదా వినయ్,” అన్నాడు నెమ్మదిగా. “రోజా పువ్వని నీకెట్ల ఎరుక? నేను చెప్పలే. అక్క చెప్పలే.”

“అత్తమ్మ… నాకు గూడ పంపింది.”

“ఏది, నీ ఫోన్ సూపెట్టు.”

వినయ్ గల్లా పెట్టెకు అడ్డం జరిగాడు. శ్రీకాంత్ పరుపెక్కి గల్లా పెట్టె సొరుగు లాగాడు. అడుగున, బిల్లు పుస్తకాల కింద, పెద్ద అక్షరాలు పెట్టుకున్న పాత ఫోన్ ఉంది. వెనకాల ఆవిడే అంటించుకున్న జరీ ముక్క. వరలక్ష్మి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“ఏడుంది?”

“డాక్టర్ కాగితం ఉన్నది నా దగ్గర,” అన్నాడు వినయ్. మెత్తదనం పోయింది. “మతి స్థిమితం లేదని రాసిచ్చిండు. మంచి హోంల పెట్టిన. తప్పా? మీ అందరికేం పోతది? మేడ మొత్తం మీ సంఘానికి రాసిస్తనంటాంది. షోరూమోళ్లు అడుగుతాన్రు ఆ మేడ. మా తాత కట్టిన మేడల ముసలోళ్లకు అలిఫ్ బే నేర్పుడా? ఏడుందో మాత్రం చెప్ప. వకీలుతో మాట్లాడుకోండ్రి.”

“రఘునాథపల్లి దాటినంక,” అంది వెనకనుంచి ఒక గొంతు.

శ్రీలత. గదికీ దుకాణానికీ మధ్యనున్న తెర పట్టుకుని నిలబడింది. భర్త వైపు చూడటం లేదు.

“హైవే పక్కన తోటల ఉంటది. నాలుగున్నరకు కార్ల తీస్కపోయిండు. దవాఖానకని చెప్పి లేపిండు, ఆమెకు సరిగ ఇనపడలే, ఏడికిరా ఏడికిరా అనుకుంటనే ఎక్కింది. ఫోటో రాకపోతే వీళ్లొచ్చి తలుపులు బాదుతరని ఆయనకు చెప్పింది నేనే. మాటల్ల మాట ఎప్పుడో చెప్పిన. ఇందుకని తెల్వది అక్కా.” ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. “నా ఇద్దరు పిల్లల కాన్పులకు నాకు నడుం కట్టింది ఆమెనే. మా అమ్మ గూడ అంత చెయ్యలే.”

నంబరు ఆమే చెప్పింది. శ్రీకాంత్ తన ఫోన్‌లో కొట్టి స్పీకర్ పెట్టాడు. అప్పటికి మేడ మీదివాళ్లంతా దిగివచ్చి దుకాణం గుమ్మంలో గుమిగూడారు. ముందు రాజేశ్వర్ రావు, ఆయన భుజం వెనక ఆజం.

అటు ఎత్తింది ఒక ఆడమనిషి, ఆయా. పేరడిగితే సమ్మమ్మ అంది.

“పొద్దుగాల మీ దగ్గర ఒక పెద్దామెను దింపిన్రు. ఎట్లుంది?” అన్నాడు శ్రీకాంత్.

“ఎవలు, గా పోలీసమ్మనా?”

శ్రీకాంత్, వరలక్ష్మి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“పోలీసమ్మ ఎవరు?”

“గామెనే సారు. దింపినప్పుడు చాన మెత్తగుండె, ఏమన్నా ఇనపడకపోయేది. చాయ్ ఇయ్యబోతే లేచి నిలవడ్డది. నేను రిటైర్డు ఏఎస్సై వరలక్ష్మిని, మీ మీద ఎంక్వైరీ కోసం దొంగ వేషంల వచ్చిన అన్నది. ఏం గొంతు సారు అది! బియ్యం డబ్బా సూపెట్టుమన్నది, గోలీల డబ్బా సూపెట్టుమన్నది. మేమేం చెప్పినా ఇనకుండ ఆమెనే అడిగే, ఆమెనే కసిరె. మనుషులున్న ఇంటికి బయట తాళమేందని మా మేనేజర్‌ను నిలవెట్టి కడిగింది. ఆయన సెల్యూట్ కొట్టి గేటు తీసిండు.”

వరలక్ష్మి కళ్లు నీళ్లతో నిండిపోయాయి, నోరు మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. దుకాణంలో బేరమాడే గిరాకీ మీద కూడా గొంతెత్తని సరస్వతమ్మ. సైకిల్ మీద భయమేస్తే కూడా మెల్లగా, “వరలక్ష్మీ, పడ్తాన,” అనే సరస్వతమ్మ. తన పేరు పెట్టుకుని, తనకన్నా మంచి పోలీసై వచ్చేసింది.

“ఒక్కతే పోయిందా?”

“ఒక్కతి యాడిది సారు? మీకెవరికన్న ఈడ ఉండబుద్ధి కాకపోతే నాతోని రాండ్రి అన్నది. ఇంకో నలుగురు లేచి పోయిన్రు. ఒకాయన కట్టె పట్టుకొని నడిచేటాయన, ఆయన గూడ పోయిండు.”

గుమ్మంలో ఎవరో చప్పట్లు కొట్టారు. రాజేశ్వర్ రావు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. కానీ అటువైపు సమ్మమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఎవరికీ వినబడకూడదని ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది.

“సారు, జర జల్ది రాండ్రి. మా మేనేజర్‌కు అనుమానమొచ్చి ఆమెను దింపిపోయినాయనకు ఫోన్ జేసిండు. ఆమె పోలీసు కాదు, దొరికిన కాడ మత్తు సూదేసి తీస్కరమ్మని ఆయన చెప్పిండంట. వ్యాను ఇప్పుడే గేటు దాటింది. సూది కాంపౌండర్ చేతుల ఉన్నది.”

ఫోన్ కట్టయింది.

శ్రీకాంత్ పరుపు మీదినుంచి ఒక్క దూకులో కిందికి దిగాడు. ఒక కానిస్టేబుల్‌ను వినయ్ దగ్గర నిలబెట్టి, వైర్‌లెస్‌లో రఘునాథపల్లి స్టేషన్‌ను పిలుస్తూ జీపు వైపు పరుగెత్తాడు. ముందు సరస్వతమ్మా ఆ నలుగురూ హైవే మీద ఎక్కడున్నారో దొరకాలి, వ్యాను కన్నా ముందు దొరకాలి. వరలక్ష్మి వెళ్లేసరికి జీపు వెనక సీట్లో ఆజం కూర్చుని ఉన్నాడు. ఇందాక ఎక్కించబోతే తల దించుకున్న పెద్దమనిషి, ఇప్పుడు ఎవరూ పిలవకుండానే ఎక్కాడు.

“దిగుండ్రి సాబ్,” అన్నాడు శ్రీకాంత్. “మీ మీద కేసు లేదు.”

“నువ్వు బండి నడుపు బేటా,” అన్నాడు ఆజం.

జీపు కదలబోతుంటే శ్రీలత చెప్పులు లేకుండా రోడ్డు మీదికి ఉరికి వచ్చి, వరలక్ష్మి కూర్చున్న వైపు కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది.

“అక్కా, ఆమెకు మత్తు సూది పడది. పోయినేడు కంటి ఆపరేషనప్పుడు ఇస్తే గుండె ఆగినంత పనైంది. ఇంకోసారి ఇస్తే బతకదని డాక్టర్లు చెప్పిన్రు. నా ముంగటనే ఈయనకు చెప్పిన్రు. ఆ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది ఈయననే.”

వరలక్ష్మి తల తిప్పి దుకాణంలోకి చూసింది. శ్రీలత కూడా చూసింది.

“నీకు తెలుసు గద,” అంది శ్రీలత భర్తతో. “సూదెయ్యమన్నప్పుడు నీకు తెలుసు గద.”

వినయ్ పరుపు మీద పడి ఉన్న గద్వాల చీరను కొసలు కలిపి, నెమ్మదిగా మడతపెట్టుకుంటున్నాడు.